మొదటి ఎయిర్‌సాఫ్ట్ గన్: స్నైపర్ అంటే అందరూ ఎందుకు నవ్వుతున్నారు?

#1 కొత్తగురి
పోయిన ఆదివారం ఆఫీసు స్నేహితులు ఎయిర్‌సాఫ్ట్ (అదే, ప్లాస్టిక్ గుండ్లు కొట్టే గన్‌లతో ఆడే ఉత్తుత్తి యుద్ధం) ఆడుతుంటే చూడటానికి వెళ్లాను. ఆడలేదు, వల అవతల నిలబడి చూశానంతే. అప్పటి నుంచి బుర్రలో అదే. రోజూ రాత్రి రెండింటి దాకా గన్‌ల వీడియోలు, పొద్దున ఆవలింతలు.

నా ప్లాన్ ఇది. ఒక బోల్ట్ యాక్షన్ స్నైపర్ (ఒక్కో గుండుకు చేత్తో బోల్ట్ లాగి కొట్టేది), దానికి మంచి స్కోప్, ఒంటినిండా ఆకులు మొలిచినట్టుండే ఆ గిల్లీ సూటు. తోడుగా ఒక గ్యాస్ పిస్టల్. డబ్బులు దాదాపు అక్కడికే అయిపోతాయి. గాగుల్స్ గురించి పెద్దగా ఆలోచించలేదు. నాకు సైటు ఉంది, ఎలాగూ కళ్లద్దాలు పెట్టుకునే ఉంటాను కదా.

స్నేహితుల్లో ఒకడు ఎం4 రైఫిల్ నమూనా కొనమంటాడు, ఒకడు ఏకే నమూనా అంటాడు. స్నైపర్ మాట ఎత్తగానే ఇద్దరూ కలిసి నవ్వుతారు. ఎందుకో మాత్రం చెప్పరు. మీరైనా చెప్పండి, తిట్టినా పర్లేదు.

#2 సైలెంట్_సీను
"కళ్లద్దాలు పెట్టుకునే ఉంటాను కదా" దగ్గర ఆగిపోయాను. ముందుకు చదవబుద్ధి కాలేదు. ఎవరైనా ఆ వాక్యం సంగతి చూడండి ముందు.

#3 నాలుగుకళ్ల_నాగ
నేను చూస్తాను. నేనూ సోడాబుడ్డి అద్దాల బాపతే, ఆరేళ్లుగా ఆడుతున్నాను.

సైటుకు వాడే అద్దాలు దెబ్బ తట్టుకోవడానికి చేసినవి కావు. బీబీ, అంటే గన్ కొట్టే ఆ చిన్న ప్లాస్టిక్ గుండు, తగిలి పగిలితే ఆ పెంకు పోయేది కంట్లోకే. పగలకపోయినా పక్కల, కింద అంతా ఖాళీ. బీబీ ఎప్పుడూ ఎదురుగానే వస్తుందని రాసిపెట్టి లేదు, గోడకు కొట్టుకుని కూడా వస్తుంది.

కొనేటప్పుడు ఫ్రేమ్ మీద, అద్దం మీద ఉండే గుర్తు చూడండి. అమెరికా ప్రమాణమైతే జెడ్87 పక్కన ప్లస్ గుర్తు ఉండాలి. యూరప్‌దైతే ఈఎన్ 166, దాంతోపాటు ఒక అక్షరం. ఎఫ్ అని ఉంటే 6 మిల్లీమీటర్ల ఉక్కు గుండుతో సెకనుకు 45 మీటర్ల వేగంతో కొట్టి చూశారని అర్థం. బీ అయితే 120 మీటర్ల వేగం. ఆ గుండు బరువు 0.86 గ్రాములు. లెక్క కట్టుకుంటే ఎఫ్ దెబ్బ 0.87 జౌల్, బీ దెబ్బ 6 జౌల్స్ పైమాటే. మనం ఆడే గన్‌లు చాలావరకు 1 జౌల్ దాటే కొడతాయి. అందుకే నేను బీ తప్ప ముట్టుకోను.

కళ్లద్దాల మీద నుంచే పెట్టుకునే పెద్ద గాగుల్స్ ఉంటాయి, ఓటీజీ అంటారు. గాగుల్ లోపల పవర్ అద్దం బిగించుకునే ఇన్సర్టు కూడా దొరుకుతుంది. కాంటాక్ట్ లెన్సులు అలవాటుంటే మరీ హాయి, వాటి మీద మామూలు గాగుల్స్ పెట్టేసుకోవచ్చు. ఏదో ఒకటి, కానీ ముందు కొనాల్సింది ఇదే. గన్ దాని తర్వాత.

#4 పిట్టలదొర
గన్ లేదు, గురి లేదు, అప్పుడే గిల్లీ సూటు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం.

#5 గేర్‌బాక్స్_మావయ్య
నవ్వు సంగతి నేను చెబుతాను. మేమూ అదే ప్లాన్ వేసినవాళ్లమే, అందుకే నవ్వొస్తుంది.

స్నైపర్ అంటే చాలా దూరం కొడుతుందని కదా మీ ఆశ? పెట్టెలోంచి తీసిన మామూలు బోల్ట్ గన్, పెట్టెలోంచి తీసిన ఎలక్ట్రిక్ గన్ కంటే పెద్దగా ముందుకు కొట్టదు. రెండూ విసిరేది అదే 6 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ గుండు. దూరం తెచ్చేది హాప్‌అప్. బ్యారెల్ మొదట్లో పైనుంచి ఒక రబ్బరు ముక్క గుండును కాస్త ఒత్తుతుంది, దాంతో గుండు వెనక్కి తిరుగుతూ వెళ్తుంది. ఆ తిరుగుడు వల్లే గాలిలో తేలుతుంది. మాగ్నస్ ఎఫెక్ట్ అని బడిలో క్రికెట్ బంతి గురించి చెప్పే పాఠమే. ఆ రబ్బరు, బ్యారెల్, స్ప్రింగ్ అన్నీ మార్చుకుంటూ పోతే అప్పుడు బోల్ట్ గన్ నిజంగా స్నైపర్ అవుతుంది. ఈలోగా మీరు గన్‌కు పెట్టిన దానికంటే పార్టులకు పెట్టిందే ఎక్కువవుతుంది.

ఇంకోటి. పవర్ పెంచిన బోల్ట్ గన్‌కు చాలా ఫీల్డుల్లో కనీస దూరం అని ఒక రూలు ఉంటుంది. 20 మీటర్ల లోపో, 30 మీటర్ల లోపో ఉన్నవాణ్ని కొట్టకూడదు. వాడు మాత్రం మిమ్మల్ని ఎంత దగ్గరి నుంచైనా కొట్టొచ్చు, అదీ నిమిషానికి కొన్ని వందల గుండ్లతో. మీరు బోల్ట్ లాగేలోపు మీ ఆట అయిపోతుంది.

#6 నీడలోనక్క
మావయ్య చెప్పిన లెక్కలు నిజమే. కానీ స్నైపర్ వద్దనడం నాకు నచ్చదు. నేను మొదలుపెట్టిందే బోల్ట్ గన్‌తో. మొదటి నాలుగు ఆటల్లో ఒక్కణ్ని కూడా కొట్టలేదు, ఐదో ఆటలో ఒకణ్ని కొట్టాను. ఆ ఒక్కటీ ఇప్పటికీ గుర్తుంది. ఎలక్ట్రిక్ గన్‌తో కొట్టినవాళ్లలో ఒక్కరూ గుర్తు లేరు.

ఓపిక ఉన్నవాడికి ఇది సరదానే. ఓపిక ఉందో లేదో కొత్తగురే చెప్పాలి.

#7 కొత్తగురి
లిఫ్టు రాకపోతే మెట్లెక్కే రకాన్ని.

#8 నీడలోనక్క
అయితే ఎలక్ట్రిక్ గన్ కొనుక్కో తమ్ముడూ. నా ఓటు వెనక్కి తీసుకుంటున్నా.

#9 గేర్‌బాక్స్_మావయ్య
ఇప్పుడు దారిలోకొచ్చాం. మొదటి గన్ ఏఈజీ, అంటే బ్యాటరీతో నడిచేది. లోపల మోటారు గేర్లను తిప్పుతుంది, గేర్లు పిస్టన్‌ను వెనక్కి లాగి వదులుతాయి, స్ప్రింగ్ దాన్ని ముందుకు తోస్తుంది, ఆ గాలికి గుండు బయటికి. 1991లో టోక్యో మారుయి వాళ్లు ఫామాస్ గన్‌తో మొదలుపెట్టిన పద్ధతి, ఇప్పటికీ మూలం అదే.

ఎం4 అయితే లోపల వెర్షన్ 2 గేర్‌బాక్స్, ఏకే అయితే వెర్షన్ 3. ఈ రెండింటికీ పార్టులు ఎక్కడైనా దొరుకుతాయి, రిపేరు తెలిసినవాళ్లూ దొరుకుతారు. వింత ఆకారం చూసి మోజుపడి కొంటే మ్యాగజైన్ దొరకదు, దొరికినా అది ఒక్క కంపెనీదే సరిపోతుంది. ఆ బాధ పగవాడికి కూడా వద్దు.

కంపెనీ అడుగుతారు కాబట్టి చెబుతున్నా. ఎం4కు జీ అండ్ జీ వాళ్ల కంబాట్ మెషిన్ సిరీస్ లేదా స్పెక్నా ఆర్మ్స్, ఏకేకు సైమా. కొత్తవాళ్ల చేతుల్లో ఎక్కువగా కనిపించేవి ఇవే.

#10 ఏకే_ఏకాంబరం
ఏకే కొనండి. కింద పడినా ఏం కాదు, రంగు పోతే ఇంకా అందంగా ఉంటుంది.

#11 సైలెంట్_సీను
ఏకాంబరం అన్నా, ఏకేలో బ్యాటరీ పెట్టడానికి పై మూత తీసి వైర్లు మడిచి కుక్కే అవస్థ కూడా చెప్పు.

#12 ఏకే_ఏకాంబరం
అది అవస్థ కాదు, ధ్యానం.

#13 నాలుగుకళ్ల_నాగ
ఎం4, ఏకే గొడవ ఈ ఫోరం పుట్టినప్పటి నుంచీ ఉంది, ఇక్కడ తేలేది కాదు. చేతిలోకి తీసుకుని భుజానికి ఆనించి చూడండి. బరువు ఎలా ఉంది, మాస్కు పెట్టుకున్నాక గన్ మీద గురి చూసే సైట్లలోంచి కనిపిస్తుందా లేదా. రెండోది ఎవరూ చూడరు. బుగ్గ గన్‌కు ఆనదు, కన్ను గురికి అందదు. నేను ఇందుకే రెడ్ డాట్‌ను (గురికి ఎర్రచుక్క చూపించే అద్దం) ఎత్తైన మౌంటు మీద పెట్టుకోవాల్సి వచ్చింది. మీరు స్కోప్ అంటున్నారు కాబట్టి చెప్పాను.

#14 ట్రిగ్గర్_టెన్షన్
ఒక అనుభవం. నేను మొదట చవగ్గా వచ్చిందని సెకండ్‌హ్యాండ్ గన్ కొన్నాను. అమ్మినవాడు "ఫుల్లీ అప్‌గ్రేడెడ్" అన్నాడు. ఇంటికి తెచ్చి మూడు వందల గుండ్లు కొట్టానో లేదో లోపల కరకరమని శబ్దం, తర్వాత మోటారు తిరుగుతుంది, గుండు రాదు. విప్పి చూస్తే పిస్టన్ పళ్లన్నీ రాలిపోయి ఉన్నాయి. గట్టి స్ప్రింగ్ వేసి మిగతావన్నీ పాతవే ఉంచాడు మహానుభావుడు. కాబట్టి "అప్‌గ్రేడెడ్" అన్న మాట కనిపిస్తే పారిపోండి. మొదటి గన్ ఎవరూ విప్పనిదై ఉండాలి.

#15 గేర్‌బాక్స్_మావయ్య
#14కు నా దండం. మీరూ వెంటనే విప్పకండి. మొదటి ఆరు నెలలు స్క్రూడ్రైవర్ దాచేయండి.

#16 బ్యాటరీబాబాయ్
అందరూ గన్ గురించే. దాని ప్రాణం గురించి ఎవరూ మాట్లాడరు.

7.4 వోల్టుల లైపో, అంటే లిథియం పాలిమర్ బ్యాటరీ తీసుకో. రెండు సెల్స్ ఉంటాయి, నిండుగా ఛార్జయితే ఒక్కోటి 4.2 చొప్పున 8.4కు వస్తుంది. 3 వోల్టుల కిందికి సెల్‌ను దింపావంటే అది పోయినట్టే లెక్క. గన్ కొట్టే వేగం తగ్గినట్టు అనిపించగానే బ్యాటరీ మార్చు, చివరి బొట్టు దాకా పిండకు. వారాల తరబడి ఆడకపోతే సెల్‌కు 3.8 దగ్గర ఉంచి దాచు, నిండా ఛార్జ్ చేసి బీరువాలో పడేయకు. ఛార్జర్ బ్యాలెన్స్ ఛార్జర్ అయి ఉండాలి. గన్‌తో ఉచితంగా వచ్చే గోడ ఛార్జర్ చాలావరకు నికెల్ బ్యాటరీకి చేసింది, దానికి లైపో తగిలించావో ఇల్లు తగలబెట్టుకున్నట్టే. ఛార్జ్ అవుతున్నంతసేపు ఇంట్లో మనిషి ఉండాలి, నిద్రపోతూ కాదు. ఉబ్బిన బ్యాటరీని "ఇంకో ఆట ఆడేద్దాం" అనుకోకు.

11.1 వోల్టులు ఎవడైనా సలహా ఇస్తే గన్‌లో మాస్‌ఫెట్ (ట్రిగ్గర్ కాంటాక్టుల మీద కరెంటు భారం పడనివ్వని ఎలక్ట్రానిక్ స్విచ్) ఉందా అని అడుగు. లేని గన్‌లో అది ట్రిగ్గర్ కాంటాక్టులను కాల్చేస్తుంది, తర్వాత గేర్ల వంతు.

ఇంత భయం ఎందుకనుకుంటే 8.4 లేదా 9.6 నికెల్ మెటల్ హైడ్రైడ్ కొనుక్కో. బరువు, లావు, ట్రిగ్గర్ నొక్కితే స్పందన కొంచెం నెమ్మది. కానీ మొద్దు శ్రీను లాగా ఏం చేసినా పడి ఉంటుంది.

#17 సైలెంట్_సీను
బాబాయ్, శ్రీను పేరు ఎందుకు మధ్యలో?

#18 బ్యాటరీబాబాయ్
నువ్వు గుర్తొచ్చావురా.

#19 కొత్తగురి
నోట్ చేసుకుంటున్నా. మరి గ్యాస్ పిస్టల్? అదైనా ఉంచమంటారా? చేతిలో స్లైడ్ కదిలే ఆ ఫీలింగు...

#20 ట్రిగ్గర్_టెన్షన్
ఫీలింగ్ బాగుంటుంది, అబద్ధం ఆడను. కానీ పాతిక గుండ్లకు ఒకసారి మ్యాగజైన్ ఖాళీ. అదనపు మ్యాగజైన్ ఒక్కోటి గన్‌లో సగం ధర పలికినా ఆశ్చర్యపోవద్దు. చలిరోజు గ్యాస్ ప్రెషర్ పడిపోయి దగ్గుతున్నట్టు కొడుతుంది. వేగంగా కొట్టినా అంతే, మ్యాగజైన్ చల్లబడిపోతుంది. సీళ్లు ఆరిపోకుండా దాచేటప్పుడు కూడా కాస్త గ్యాస్ ఉంచాలి. ఇప్పుడే వద్దు. ఏఈజీ పాడై ఆట మధ్యలో నిలబడిపోయిన రోజు మీకే తెలుస్తుంది పిస్టల్ ఎందుకో.

#21 పిట్టలదొర
నేను పిస్టల్‌తోనే మొదలుపెట్టాను, పిస్టల్‌తోనే ఆడుతున్నాను. ఇండోర్ గదుల్లో పెద్ద గన్ తిప్పుకునేలోపు నేను రెండు గదులు దాటేస్తా. మీ ఫీల్డు ఎలాంటిదో చూసుకోకుండా సలహాలేంటి?

#22 నాలుగుకళ్ల_నాగ
దొర మాటలో పాయింటు ఉంది. చూసొచ్చింది అడవా, గదులా? కొన్ని ఇండోర్ ఫీల్డుల్లో ఫుల్ ఆటో నిషేధం, ఒక నొక్కుకు ఒక గుండే. పవర్ పరిమితి కూడా తక్కువ. కొనకముందే ఆ ఫీల్డు రూల్స్ అడగండి. దేశాన్ని బట్టి చట్టం కూడా మారుతుంది. జపాన్‌లో పరిమితి 1 జౌల్ లోపే, బ్రిటన్‌లో ఫుల్ ఆటోకు 1.3, సింగిల్ షాట్‌కు 2.5. మీ దగ్గర కొనడానికి, మోసుకెళ్లడానికి ఏ రూల్ ఉందో తెలుసుకున్నాకే డబ్బు కట్టండి.

#23 కొత్తగురి
సగం చెట్లు, సగం పాత గోదాము. బోర్డు మీద "350 ఎఫ్‌పీఎస్, 0.20" అని రాసి ఉంది. ఇదేనా మీరనే పరిమితి?

#24 గేర్‌బాక్స్_మావయ్య
అదే. 0.20 గ్రాముల గుండుతో కొలిస్తే సెకనుకు 350 అడుగులు దాటకూడదని. శక్తిలో చెబితే 1.14 జౌల్. గుండు బరువు చెప్పకుండా ఎఫ్‌పీఎస్ చెప్పేవాణ్ని నమ్మకండి. అదే శక్తితో 0.28 గుండు కొడితే వేగం కొలిచే మీటరులో 296 ఎఫ్‌పీఎస్ దగ్గర చూపిస్తుంది. చూసి గన్ బలహీనమైందని కంగారుపడొద్దు.

గుండ్ల విషయానికొస్తే 0.20తో మొదలుపెట్టకండి. గాలి ఊదితే పక్కకు పోతుంది. 0.25 లేదా 0.28 తీసుకోండి. మెల్లగా బయల్దేరినా చివరిదాకా నిలకడగా వెళ్తుంది. గుండు మార్చినప్పుడల్లా హాప్‌అప్ సరిచేసుకోవాలి. హాప్ పూర్తిగా తగ్గించి, ఒక్కో గుండు కొడుతూ కొంచెం కొంచెం పెంచండి. చాలాదూరం తిన్నగా పోయి అప్పుడు వాలాలి. చివర్లో పైకి లేచిపోతోందంటే ఎక్కువైనట్టు.

నేల మీద పడ్డ గుండ్లు ఏరి మళ్లీ వాడేవాళ్లను చూశాను. ఇసుక రేణువు ఒక్కటి చాలు, బ్యారెల్ లోపల గీతలు పడతాయి.

#25 ఏకే_ఏకాంబరం
పేరులేని చవక గుండ్లు కూడా వద్దు. మెష్ గాగుల్స్ పెట్టుకుని ఆడుతుంటే అలాంటిదొకటి జాలికి తగిలి పొడి పొడి అయింది, ఆ పొడి నా కంట్లో. సాయంత్రం దాకా నీళ్లు కొట్టుకుంటూ కూర్చున్నా. కన్ను బాగానే ఉంది, ఆ మెష్ మాత్రం చెత్తబుట్టలో ఉంది.

#26 పిట్టలదొర
మెష్‌కు ఆవిరి పట్టదు కదా అన్నా. నేను నాలుగేళ్లుగా అదే.

#27 నాలుగుకళ్ల_నాగ
నాలుగేళ్లుగా అదృష్టం దొరా. మెష్ పళ్లకు పెట్టుకోండి, కళ్లకు వద్దు. ముఖం కింది సగానికి జాలి మాస్కు చక్కగా సరిపోతుంది, ఊపిరి బయటికి పోతుంది కాబట్టి గాగుల్స్‌కు ఆవిరి కూడా తక్కువ.

#28 సైలెంట్_సీను
పళ్ల మాస్కు అనవసరం అనేవాళ్లకు: నా ముందు పన్ను సగం ఇప్పుడు డాక్టరు కట్టింది. నవ్వితే తెలియదు, బిల్లు చూస్తే తెలుస్తుంది.

#29 కొత్తగురి
ఆవిరి అన్నారు కాబట్టి అడుగుతున్నా. కళ్లద్దాలకు ఒక ఆవిరి, గాగుల్స్‌కు ఒక ఆవిరి, నాకు రెండు పొరలు. గుడ్డిగా ఆడాలా?

#30 నాలుగుకళ్ల_నాగ
నా కష్టమంతా ఇక్కడే. రెండు అద్దాల మధ్య గాలి పొర ఉండే థర్మల్ లెన్స్ గాగుల్స్ తీసుకోండి. చిన్న ఫ్యాను ఉన్నవైతే ఇంకా మేలు, చెవి దగ్గర దోమ మూలిగినట్టు ఉంటుంది గానీ అలవాటైపోతుంది. కళ్లద్దాలకు ఒక చుక్క గిన్నెల సబ్బు రాసి, మెత్తటి గుడ్డతో మరక కనిపించకుండా తుడిస్తే రెండు మూడు రౌండ్లు ఆగుతుంది. గాగుల్స్ అద్దాన్ని మాత్రం థిన్నర్, అసిటోన్ లాంటివాటితో తుడవొద్దు, పాలీకార్బొనేట్ లోపల్లోపలే పగుళ్లు బారుతుంది.

ముఖ్యమైంది ఒకటుంది. ఆవిరి పట్టినప్పుడు గాగుల్స్ పైకెత్తి తుడుచుకోవాలనిపిస్తుంది. చేయి దానంతటదే లేస్తుంది. ఆ ఒక్క క్షణమే ప్రమాదం. గుండు తగిలినప్పుడు చేసినట్టే చెయ్యెత్తి "హిట్" అని అరిచి, బయటికి నడిచి, సేఫ్ జోన్‌లోకి వెళ్లాకే తీయండి. పోయేది ఒక రౌండు.

#31 ట్రిగ్గర్_టెన్షన్
ఇంకొకటి ఎవరూ చెప్పలేదు. మ్యాగజైన్ తీసేసినా గన్‌లో ఒక గుండు మిగిలి ఉండొచ్చు. మ్యాగజైన్ తీశాక నేలవైపు గురిపెట్టి రెండుసార్లు కొట్టి, సేఫ్టీ వేసి, బ్యారెల్ కవర్ తొడిగాకే సేఫ్ జోన్‌లోకి రండి. ఇంటి నుంచి ఫీల్డుకు సంచీలోనే పోవాలి. రోడ్డు మీద చూసేవాళ్లకు అది బొమ్మని తెలియదు.

#32 గేర్‌బాక్స్_మావయ్య
మిగతా సామాను గురించి ఎక్కువ ఆలోచించకండి. చీలమండ దాకా పట్టి ఉంచే బూట్లు కావాలి, ఈ ఆటలో బీబీల కంటే రాళ్లకే ఎక్కువమంది పడతారు. చేతికి గ్లోవ్స్, గన్‌కు ఒక స్లింగ్, గుండ్లు నింపడానికి స్పీడ్ లోడర్, హిట్ అయ్యాక తలమీద వేసుకోవడానికి ఎర్రగుడ్డ. ప్లేట్ క్యారియర్, హెల్మెట్, మోకాలి ప్యాడ్లు ఏవీ ఇప్పుడు వద్దు. కార్గో ప్యాంటు జేబుల్లో మూడు మ్యాగజైన్లు పడతాయి.

మ్యాగజైన్లలో మిడ్‌క్యాప్ తీసుకోండి, వందా నూటయాభై పడతాయి. హైక్యాప్‌లో మూడు వందలు పడతాయి గానీ కింద చక్రం తిప్పుతూ ఉండాలి, నడుస్తుంటే గిలక్కాయలా మోగుతుంది.

#33 ఏకే_ఏకాంబరం
ఇంతమంది ఇంత రాశారు, ఒక్కరూ "అద్దెకు తీసుకుని ఆడి చూడు" అనలేదు.

#34 కొత్తగురి
అదే చేస్తున్నా. ఆదివారానికి అద్దె గన్ చెప్పేశా. నాగ గారు చెప్పిన బీ గుర్తున్న ఓటీజీ గాగుల్స్ ఆర్డర్ పెట్టాను, మాస్కు కూడా. గన్ కొనలేదు. ఇంట్లోవాళ్లు ఆశ్చర్యపోయారు.

#35 పిట్టలదొర
సోమలింగం పేరు ఆలోచించడం ఆపాడు. శుభం.

#36 కొత్తగురి
వచ్చేశా. ఒళ్లంతా నొప్పులు, వరుసగా చెబుతా.

అద్దెకు ఎం4 ఇచ్చారు, హైక్యాప్ మ్యాగజైన్‌తో. చక్రం తిప్పాలని ఇక్కడే చదివాను, అక్కడ మర్చిపోయాను. ఎదురుగా మనిషి, నేను ట్రిగ్గర్ నొక్కుతున్నాను, మోటారు తిరుగుతోంది, గుండు రావట్లేదు. వాడు కూడా పాపం కాసేపు చూసి, "తిప్పు అన్నా, తిప్పు" అని చెప్పి, అప్పుడు కొట్టాడు.

రెండో రౌండులో ఆవిరి. చెయ్యి నిజంగానే గాగుల్స్ మీదికి వెళ్లిపోయింది. #30 గుర్తొచ్చి దించాను, హిట్ అని అరిచి బయటికి నడిచాను. నన్ను ఎవరూ కొట్టలేదు, అందరూ అయోమయంగా చూశారు. మూడో రౌండు అయ్యాక చూస్తే గాగుల్ మీద, సరిగ్గా ఎడమ కంటి ముందు, గుండ్రటి తెల్ల మచ్చ ఉంది. ఎప్పుడు తగిలిందో కూడా తెలియలేదు. దాని ఫోటో తీసి పెట్టుకున్నాను.

మోకాళ్లు రెండూ గీరుకున్నాయి. మావయ్యా, మోకాలి ప్యాడ్లు వద్దన్నారు, అది మాత్రం నేను ఒప్పుకోను.

గన్ ఎం4 అని దాదాపు అనుకున్నా, ఇంకో రెండు ఆటలు అద్దెదే ఆడి కొంటాను. కానీ చెట్ల దగ్గర ఒకాయన గంటసేపు కదలకుండా పడుకున్నాడు. పక్క నుంచే నడిచి వెళ్లాను, కనిపించలేదు. స్నైపర్ పిచ్చి పోలేదండీ.

#37 గేర్‌బాక్స్_మావయ్య
మోకాలి ప్యాడ్లు ఒప్పుకుంటున్నా. నేను పరిగెత్తడం మానేసి చాలా ఏళ్లయింది, మర్చిపోయాను.

#38 నీడలోనక్క
పక్క నుంచి నడిచి వెళ్లిన, మోకాళ్లు గీరుకున్న, ఓటీజీ గాగుల్స్ ఆయన నువ్వేనా? కనీస దూరం లోపల ఉన్నావు కాబట్టి వదిలేశా. వచ్చే ఆటకు నా బోల్ట్ గన్ ఒక రౌండు ఇస్తాను, ఆడి చూడు.

#39 కొత్తగురి
గిల్లీ సూటు కూడా ఇస్తారా?

#40 నీడలోనక్క
అది ఉతికి చాలా కాలమైంది. నీ ఇష్టం.